నవలలో ఉన్న వంటిల్లు సినిమాలోకి ఎందుకు రాదు?

జిరాక్సు కొట్టు (నల్గొండ)

ముందే చెబుతున్నాను, "నవలంత బాగా లేదు" అని పెదవి విరిచే బాపతు మనిషిని కాను. నేను చదివిన నవల తెరమీదకు వస్తోందని తెలిస్తే నెల ముందు నుంచే నాకు పండగ. పాత్రధారులు ఎవరో తెలిసిన రోజున పుస్తకం మళ్లీ మొదటి పేజీ నుంచి అందుకుంటాను. సినిమా చూసి వచ్చాక ఇంకోసారి తెరుస్తాను. ఎక్కడ కోశారో, ఎక్కడ కుట్టారో వెతకడంలో ఉన్న సరదా నాకు మరే పనిలోనూ లేదు. ఇంట్లో ఈ ముచ్చట వినేవాళ్లు లేరు. మా ఆయనకు యుద్ధాలు చాలు, మా అమ్మాయికి నగలు చాలు.

ఈ మధ్య గిరాకీ లేని మధ్యాహ్నాల్లో కొట్టులో కూర్చుని 'పొన్నియిన్ సెల్వన్' రెండు భాగాలూ ఫోనులో మళ్లీ చూశాను. ఎవరైనా ఆధార్ కార్డు పట్టుకుని వస్తే ఆపడం, నకలు తీసి ఇవ్వడం, మళ్లీ మొదలుపెట్టడం. దానికి మూలమైన తమిళ రచయిత కల్కి నవల ఎలా మొదలవుతుందో చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. తమిళుల ఆడి మాసం పద్దెనిమిదో రోజు. వీరనారాయణ చెరువు గట్టు మీదుగా వందియదేవుడు గుర్రం మీద వస్తుంటాడు. అక్కడ యుద్ధమూ లేదు, కుట్రా లేదు. చుట్టుపక్కల జనం బండ్లు కట్టుకుని, రకరకాల అన్నాలు కలుపుకుని వచ్చి గట్టు మీద కూర్చుని తింటుంటారు, ఆడవాళ్లు పాడుతుంటారు. మన ఉదయ సముద్రం చెరువు దగ్గర సద్దుల బతుకమ్మ నాడు పూలను నీళ్లలో వదిలాక డబ్బాల మూతలు తీసి పులిహోర, పెరుగన్నం, నువ్వుల సద్ది పంచుకుంటామే, అచ్చం అదే. వెయ్యేళ్ల కిందటి చోళ రాజ్యంలోకి నేను ఆ అన్నం మూటల వెంట నడిచి వెళ్లాను.

సినిమా రాష్ట్రకూటులతో యుద్ధంతో మొదలైంది. యుద్ధం బాగుంది, గుర్రం మీద పాట ఇంకా బాగుంది. కానీ ఆ అన్నం తినే జనం పాట వెనక జాతరలా కనబడి వెళ్లిపోయారు.

నా ప్రశ్న ఇదీ. నవల తెరకెక్కేటప్పుడు మొదట రాలిపోయేది ఎప్పుడూ వంటిల్లు, వాకిలి, పొలం పని, బజారు బేరమే ఎందుకు? కథ మార్చినా నాకు కోపం రాదు. చివర మార్చినా ఓర్చుకుంటాను. మనుషులు పొద్దున లేచి ఏం చేస్తారో తీసేస్తే మాత్రం ఆ మనుషులు నాకు అపరిచితులైపోతారు. మీరు చదివి, చూసిన వాటిలో రోజువారీ బతుకు నిలిచినవి ఏవి, పోయినవి ఏవి?

సెకండ్ షో (సొంతూరు దేవరకొండ, ఉద్యోగం హైదరాబాద్)

అక్కా, నేను ఎడిటింగ్ గదిలో పనిచేస్తాను. అంటే మీరు వెతుకుతున్న దొంగల్లో ఒకణ్ణి.

అయిదు భాగాల నవలను రెండు సినిమాలు కలిపి సుమారు అయిదున్నర గంటల్లో చెప్పారు. అంత చెప్పడమే గొప్ప. ఇక మా గదిలో జరిగేది చెబుతాను. మొదటి కూర్పు ఎప్పుడూ పొడుగ్గానే వస్తుంది. ఒక్కో సీనూ వేసి చూసి "ఇది తీసేస్తే కథ తెగుతుందా?" అని అడుగుతారు. హీరో ఉత్తరం చదివే సీను తీస్తే తెగుతుంది. తల్లి బియ్యంలో రాళ్లు ఏరుతూ కొడుకుతో మాట్లాడే సీను తీస్తే తెగదు. కాబట్టి రాళ్లు ఏరే సీను పోతుంది. తీసిన దర్శకుడే బాధపడుతూ తీయిస్తాడు, నేనే కళ్లారా చూశాను.

రెండోది డబ్బు. గట్టు మీద వందలమంది కూర్చుని అన్నం తినాలంటే అందరికీ ఆ కాలం బట్టలు, గిన్నెలు, బండ్లు, ఎడ్లు కావాలి. అదే డబ్బు యుద్ధానికి పెడితే పోస్టరు మీద కనబడుతుంది. పెరుగన్నానికి పెడితే ఎవరికి కనబడుతుంది?

పాలమూరు ప్యాసింజరు (జడ్చర్ల)

మీకు కనబడింది కదా సోదరా, అక్కకూ కనబడింది. ఇద్దరు చాలరా?

నారాయణపేట కోడలు

జిరాక్సు అక్కా, ఈ మాట మా అత్తమ్మ ఎప్పుడో అన్నారు, మీరు ఇప్పుడు అంటున్నారు.

మా ఇంట్లో యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' ఉంది. అచ్చుపుస్తకం కాదు. మాసపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు నెలనెలా పేజీలు చించి, దారంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసిన బైండు. పేజీ తిప్పితే వెనక సబ్బు ప్రకటనలో సగం, మరొకరి కథలో చివరి పేరా. మధ్యలో ఒక నెల పత్రిక దొరకలేదట. పక్కింటివాళ్ల దగ్గర అడిగి తెచ్చి, ఆ భాగం మొత్తం రూళ్ల కాగితాల మీద ఊదా సిరాతో చేత్తో రాసుకున్నారు. అక్షరాలు మొదట గుండ్రంగా ఉంటాయి, చివరి రెండు కాగితాలకు వచ్చేసరికి వంకరలు పోతాయి. పొద్దున లోపల పత్రిక తిరిగి ఇచ్చేయాలి మరి! ఆ రోజుల్లో ఇంట్లో మగ్గం ఉండేది. అత్తమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతుంటే ఆడపడుచు పక్కన కూర్చుని గట్టిగా చదివేదట. ఒక్కోసారి వింటూ వింటూ చెయ్యి ఆగిపోతే మగ్గం దగ్గర నుంచి మామయ్య కేకలు.

1976లో సినిమా వచ్చింది. అక్కినేని, వాణిశ్రీ. అత్తమ్మ పాలమూరు వెళ్లి చూసి వచ్చి, "రాజశేఖరాన్ని బాగానే చూపించారు, జయంతి ఉద్యోగానికి వెళ్లే పిల్ల అన్న సంగతి మాత్రం పాటల మధ్య మరిచిపోయారు" అన్నారట. ఈ మాట నేను కాపురానికి వచ్చిన కొత్తలో విన్నాను, ఇప్పటికీ అంటూనే ఉంటారు. అయినా టీవీలో ఎప్పుడు వేసినా వంట ఆపి మరీ చూస్తారు. అభిమానం వేరు, ఫిర్యాదు వేరు.

పాలమూరు ప్యాసింజరు (జడ్చర్ల)

ఆ ఊదా సిరా పేజీ ఫొటో ఒకటి పెట్టండి వదినా. నవల నేను వినడమే ఎక్కువ, జడ్చర్ల నుంచి పట్నం పోయే బస్సులో చెవుల్లో పెట్టుకుని. షాద్‌నగర్ వచ్చేసరికి ఒక అధ్యాయం, ఆరాంఘర్ దగ్గర ట్రాఫిక్ ఆగితే ఇంకొకటి.

మిర్యాలగూడ మాస్టారు

చర్చ బాగుంది. కొంచెం పాత సంగతులు చేరుస్తాను.

నవలలను తెరకెక్కించడం మనకు కొత్త కాదు. శరత్ 'దేవదాసు' బెంగాలీలో 1917లో పుస్తకంగా వచ్చింది, తెలుగులో వేదాంతం రాఘవయ్య 1953లో తీశారు. కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' నవలే 'డాక్టర్ చక్రవర్తి'. ఉత్తమ చిత్రంగా తొలి నంది పురస్కారం అందుకున్నది 1964 నాటి ఆ సినిమానే. ఆ తరవాత 'ప్రేమ్ నగర్', 'జీవన తరంగాలు', 'మీనా', ఇలా ఓ పదేళ్లు రచయిత్రుల నవల పేరు వింటే నిర్మాతలు పరుగెత్తుకొచ్చేవారు.

అయితే మీ ప్రశ్నకు సరిగ్గా సరిపోయేది డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు'. అందులో ఇందిర అనే అమ్మాయి ఉద్యోగం చేసి తండ్రిని పోషిస్తుంది. జీతం, అద్దె, ఇంటి ఖర్చు ఆమె తల మీద ఉంటాయి. ఆమె తెగింపు, ఆమె స్వార్థం అన్నీ అక్కడి నుంచి పుట్టినవే. ఆ నవల ఆధారంగానే ఆదుర్తి సుబ్బారావు 1963లో 'చదువుకున్న అమ్మాయిలు' తీశారు. సరదాగా సాగే సినిమా, నాకు ఇష్టమే. కానీ నవల చదివి వెళితే ఇందిర కోసం వెతుక్కుంటూ కూర్చోవాలి. నెలాఖరు బెంగ లేని ఇందిరను ఇందిర అని ఎలా అంటాం?

ఇంకో విచిత్రం. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' నవలకూ అదే పేరుతో 1960లో సావిత్రి నటించిన సినిమాకూ సంబంధం లేదు. ఆ సినిమా బెంగాలీ కథ ఆధారంగా తీసినది. ఏటా ఎవరో ఒక విద్యార్థి సినిమా చూసి పరీక్షలో నవల గురించి రాసేవాడు. ఒక నర్సు కథ రాసి, పైగా బుచ్చిబాబు శైలిని మెచ్చుకునేవాడు!

జిరాక్సు కొట్టు (నల్గొండ)

మాస్టారూ, ఆ విద్యార్థికి ఎన్ని మార్కులు వేశారో చెప్పలేదు.

మీరు చెప్పిన జాబితా చూస్తుంటే ఒక సంగతి తడుతోంది. ఆ నవలలు రాసినవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లు, సినిమాలుగా తీసినవాళ్లు దాదాపు అందరూ మగవాళ్లు. రాసేటప్పుడు పొయ్యి మీద పాలు ఒక కంట కనిపెట్టుకుంటూ రాసి ఉంటారు, అది కథలోకి వచ్చేస్తుంది. తీసేవాళ్లకు పాలు గ్లాసులో వచ్చి చేరతాయి, అంతే. 'మీనా' ఒక్కటే వేరు. విజయనిర్మల తెలుగులో మొదటిసారి దర్శకత్వం చేసింది ఆ సినిమాకే, 1973లో. పట్నంలో తల్లి చెప్పుచేతల్లో పెరిగిన పిల్ల పల్లెలో బంధువుల ఇంట్లో కొన్నాళ్లు ఉండి పనీపాటా నేర్చుకుంటుంది. నాకు ఆ సినిమాలో ఇల్లు ఇల్లులాగే కనిపిస్తుంది.

సెకండ్ షో (సొంతూరు దేవరకొండ, ఉద్యోగం హైదరాబాద్)

ఆడవాళ్లు తీస్తే వంటిల్లు వస్తుంది, మగవాళ్లు తీస్తే పోతుంది అన్నది మరీ తేలిక లెక్క అక్కా. సత్యజిత్ రాయ్ సంగతి ఏమిటి? 'పథేర్ పాంచాలి'లో ఆ తల్లి వంట పాత్రలు, ఆ ముసలమ్మ చిరిగిన దుప్పటి, మిఠాయివాడి వెనక నడిచే పిల్లలు, అన్నీ ఉన్నాయి. పైగా ఆయన ఒక పెద్ద మార్పు చేశాడు. నవలలో దుర్గ రైలు చూడకుండానే చనిపోతుంది. చూపించమని తమ్ముణ్ణి అడుగుతుంది కూడా. సినిమాలో అక్కా తమ్ముళ్లిద్దరూ రెల్లుపూల మధ్య పరుగెత్తి రైలు చూస్తారు. ప్రపంచమంతా గుర్తుపెట్టుకున్నది ఆ దృశ్యాన్నే. మార్పు చెడ్డది కాదని మీరే అన్నారు, ఇది దానికి సాక్ష్యం.

జిరాక్సు కొట్టు (నల్గొండ)

ఒప్పుకుంటున్నాను తమ్ముడూ. కానీ రైలు దగ్గరికి పరుగెత్తేలోపు ఆ ఇంటి పేదరికం మనకు పూర్తిగా చూపించాడు కదా. అందుకే ఆ రైలు అంత పెద్దది.

దీనికి ఎదురుగా 'గైడ్' పెట్టి చూడు. ఆర్.కె. నారాయణ్ నవలలో మాల్గుడి చిన్న ఊరు, రైల్వే స్టేషన్లో చిన్న కొట్టు, యాత్రికులకు దారి చూపించే కుర్రాడు. 1965లో హిందీ సినిమా తీసినప్పుడు దాన్ని ఉదయపూర్ రాజభవనాల దగ్గరికి తీసుకుపోయారు. నారాయణ్ తన చిన్న ఊరు పోయిందని ఒక వ్యాసమే రాశారు, నవ్వుతూ, నవ్విస్తూ, కడుపులో మంట దాచుకోకుండా. పాటలు వినడానికి నేనూ ఆ సినిమా చూస్తాను, అది వేరే సంగతి. 1986లో శంకర్ నాగ్ టీవీ కోసం 'మాల్గుడి డేస్' తీసినప్పుడు కర్ణాటకలోని అగుంబె అనే వాన ఊరికి వెళ్లాడు. పెద్ద కథలేమీ కావు. ఒక పోస్ట్‌మ్యాన్, ఒక బడిపిల్లవాడు, ఒక జోస్యం చెప్పేవాడు. మా చిన్నప్పుడు వీధి వీధంతా చూసింది.

బత్తాయి తోట (కనగల్ దగ్గర)

నేను నవలలు తక్కువ చదివినవాణ్ణి. తోటకు నీళ్లు పారేదాకా గట్టు మీద కూర్చోవాలి కాబట్టి ఫోనులో ఇవన్నీ చదువుతుంటాను. మీరు అటు తంజావూరు, ఇటు కలకత్తా తిరిగి వస్తున్నారు, మన జిల్లాకు ఎప్పుడు వస్తారని చూస్తున్నాను.

'మా భూమి' మాట ఒక్కరూ ఎత్తలేదు. అది కూడా నవలే కదా? మా నాన్న ఆ సినిమా చూస్తూ ఒక్కో సీనుకూ "ఇది వెట్టి", "ఇది నాగు" అని చెప్పేవాడు. ఇచ్చిన గింజలకు ఇంతకింత రాబట్టుకునే నాగు అప్పు గురించి నాకు తెలిసింది అలాగే. మరి ఆ పసులకాపరి పాట? అంతా పనే. చాలని అంగీ, తాటి జెగ్గల కాలిజోడు, ఆకలి. ఒక పిల్లవాడి రోజు మొత్తం పాటలో పెట్టారు. రాసిన సుద్దాల హనుమంతు మన జిల్లా మనిషి, ఇప్పుడు ఆ ఊరు యాదాద్రి జిల్లాలోకి పోయింది.

ఒక్కటే నా ఫిర్యాదు. కథ నల్గొండ జిల్లాలో జరుగుతుంది, సినిమా తీసింది మెదక్ వైపు మంగళపర్తిలో.

మిర్యాలగూడ మాస్టారు

మంచి మాట ఎత్తారు. కిషన్ చందర్ ఉర్దూలో రాసిన 'జబ్ ఖేత్ జాగే' దానికి మూలం. గౌతం ఘోష్ దర్శకుడు, బి. నరసింగరావు నిర్మాతల్లో ముఖ్యుడు. చిత్రం ఏమిటంటే, ఈ విషయంలో సినిమానే నవల కన్నా ముందుంది. నవలలో రాఘవరావు ఉరికి ముందు రాత్రి జైలు గదిలో కూర్చుని గతమంతా తలుచుకుంటాడు. ఉద్వేగం ఎక్కువ, ఊరు తక్కువ. కిషన్ చందర్ మహారచయిత, కానీ మన పొలాల వాసన ఆయనకు దూరం నుంచే తెలుసు. సినిమా తన కథానాయకుడు రామయ్యను ఊళ్లో, పనిలో, గడీ (దొర కోటలాంటి ఇల్లు) ముందు నిలబెట్టి మొదలుపెట్టింది. నవలలో లేని రోజువారీ బతుకును ఊరి మనుషులు, ఊరి పాటలు తెచ్చి తెరమీద పోశారు.

సెకండ్ షో (సొంతూరు దేవరకొండ, ఉద్యోగం హైదరాబాద్)

అక్కా, చూశారా! తీసేవాడు తలుచుకుంటే నవలలో లేని వంటిల్లు కూడా సినిమాలోకి వస్తుంది. ఇక మా ఎడిటింగ్ గదిని తిట్టడం ఆపండి.

జిరాక్సు కొట్టు (నల్గొండ)

ఆపను. అక్కడ ఎవరైనా "ఇది తీసేస్తే కథ తెగుతుందా" అని అడిగి ఉంటే ఆ పసులకాపరి పాటే మొదట పోయేది. అడగలేదు కాబట్టే మిగిలింది.

వేదిక నిర్వహణ

ఈ చర్చలో ఇద్దరు హీరోల అభిమానులు పెట్టిన వ్యాఖ్యలు తొలగించాం. ఎవరి సినిమా ఎన్ని రోజులు ఆడిందో తేల్చుకోవడానికి వేరే విభాగం ఉంది. దయచేసి నవలల దగ్గరే ఉండండి.

పాలమూరు ప్యాసింజరు (జడ్చర్ల)

నాకు ఒక బాధ ఉంది, చెప్పుకోనివ్వండి. మాది గొర్ల కాపరుల ఇల్లు. మా తాత కాలంలో ఎండలు ముదిరితే మందను తోలుకుని నల్లమల వైపు, కృష్ణ ఒడ్డుకు పోయేవాళ్లు. వానలు పడ్డాకే తిరిగి రావడం. ఇంట్లో ఎన్ని కథలు విన్నానో. అందుకే సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' నవల దొరికినప్పుడు బస్సులో నిలబడి కూడా చదివాను. ఆయనది కడప వైపు. అయినా గొర్రె దగ్గు, తోడేలు వాసన పట్టిన కుక్క తీరు, నీళ్ల గుంట ఎండిపోతే ముఖాల్లోకి వచ్చే భయం, ఇవన్నీ మా ఇంటివే. మాపటి పూట మందను మలిపేటప్పుడు మా తాత జతలుగా లెక్కపెట్టేవాడట. లెక్క తప్పితే అన్నం ముద్ద దిగేది కాదు. పిల్ల తప్పిపోతే తల్లి గొర్రె అరుపును బట్టి ఎవరి పిల్లో చెప్పేవాడు.

2021లో క్రిష్ సినిమా తీశాడు. అడవిని గొప్పగా చూపించాడు, పులిని చూపించాడు. వెళ్లేముందు ఎంత సంబరపడ్డానో, మా నాన్నను కూడా తీసుకెళ్లాను. ప్రేమకథకు ఇచ్చిన చోటులో సగం గొర్రెలకు ఇచ్చి ఉంటే బాగుండేది. మా నాన్న బయటికి వచ్చి ఒకటే అడిగాడు: "అన్ని రోజులు అడవిలో ఉన్నారు కదా, ఒక్క గొర్రెకూ గిట్టల రోగం రాలేదా?"

నారాయణపేట కోడలు

మీ నాన్నగారు, మా అత్తమ్మ కలిసి ఒక పత్రికలో సమీక్షలు రాయాలి.

నా వంతుగా ఒక మంచి ఉదాహరణ. 'మిథునం'. శ్రీరమణ రాసినది చిన్న కథ. తనికెళ్ల భరణి 2012లో బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి, ఇద్దరే ఇద్దరితో సినిమా తీశారు. వంట, పెరడు, ఊరగాయ, చెప్పులు కుట్టుకోవడం దాకా ఇంటి పనే కథ. అంతకు ముందే, 2000లో ఎం.టి. వాసుదేవన్ నాయర్ అదే కథను మలయాళంలో 'ఒరు చెరు పుంచిరి'గా తీశారు. ఒక తెలుగు చిన్న కథ రెండు భాషల్లో రెండు సినిమాలు అయిందంటే అందులో ఉన్నది ఏమిటి? వంటిల్లే కదా అక్కా!

బత్తాయి తోట (కనగల్ దగ్గర)

ఆ సినిమా మా ఇంట్లో అందరూ కలిసి చూశాం. నేను లొట్టలు వేశాను. మా ఆవిడ మాత్రం "ఆమె ఎన్ని వండిందో చూశారు, అంట్లు తోమడం ఎంతసేపు చూపించారు?" అంది. రాత్రి భోజనం అయ్యాక గిన్నెలు నేనే తోమాను.

జిరాక్సు కొట్టు (నల్గొండ)

అన్నా, మీ ఆవిడ గారికి నా నమస్కారాలు. నేను చెప్పలేక తిప్పలు పడుతున్నది ఆమె ఒక్క మాటలో చెప్పేశారు. తెరమీద వంట రావడం సులువే, ఈ మధ్య ఓటీటీ సినిమాల్లో అరిటాకు మీద ఆవిర్లు కక్కే అన్నం లేనిది సినిమానే లేదు. వంట అందంగా వచ్చి, వండే చేతికి అలసట రాకపోతే అది హోటలు ప్రకటన. నవలలో ఆ అలసట ఉంటుంది. ఇందిరకు నెలాఖరు బెంగ ఉన్నట్టు, ప్యాసింజరు తమ్ముడి తాతకు మంద లెక్క ఉన్నట్టు. 'మిథునం' నాకూ ఇష్టమే, ఏడ్చాను కూడా. కానీ అందులో వండిపెట్టే ఇల్లాలు బుచ్చిలక్ష్మి పక్షాన ఇంకో సినిమా ఎవరైనా తీస్తే మొదటి టికెట్టు నాదే.

మిర్యాలగూడ మాస్టారు

అలసట మాట వచ్చింది కాబట్టి వట్టికోట ఆళ్వారుస్వామిని తలుచుకోకుండా ఉండలేను. నకిరేకల్ దగ్గర చెరువు మాదారంలో 1915లో పుట్టారు. చిన్నతనంలో సూర్యాపేటలో ఒక ఉపాధ్యాయుడికి వండిపెడుతూ చదువు నేర్చుకున్నారు. విజయవాడలో హోటల్లో సర్వరుగా చేశారు. తరవాత గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు అచ్చువేసి, భుజాన వేసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. అలాంటి మనిషి 1955లో 'ప్రజల మనిషి' రాశారు. దిమ్మెగూడెం అనే పల్లె, దొర రామభూపాలరావు, ఎదురు తిరిగిన కంఠీరవం. నవల నిజామాబాద్ వైపు నడిచినా ఆ గడీ ఏ జిల్లాకైనా వర్తిస్తుంది. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' సినిమాగా వచ్చింది. 'ప్రజల మనిషి' రాలేదు. వండి వడ్డించి, మోసి బతికినవాడు రాసిన నవల అది. కొట్టు అమ్మాయి అడుగుతున్న పని, అలసట ప్రతి అధ్యాయంలో ఉంటాయి.

పాలమూరు ప్యాసింజరు (జడ్చర్ల)

మాస్టారూ, ఇప్పుడు ఎవరైనా తీయాలంటే హక్కులు ఎవరి దగ్గర ఉంటాయి? నవల కొనాలంటే లక్షలు అడుగుతారని విన్నాను.

సెకండ్ షో (సొంతూరు దేవరకొండ, ఉద్యోగం హైదరాబాద్)

దీనికి నేను చెబుతాను, మాకు రోజూ ఉండే గొడవే ఇది. మన దేశ చట్టం ప్రకారం రచయిత చనిపోయిన ఏడాది ముగిశాక అరవై ఏళ్ల వరకే హక్కులు. ఆళ్వారుస్వామి 1961లో పోయారు. అంటే ఆయన బతికుండగా అచ్చయిన 'ప్రజల మనిషి' 2022 మొదటి రోజు నుంచి అందరిదీ. ఎవరి అనుమతీ అక్కర్లేదు, రూపాయి కట్టక్కర్లేదు. ఆయన పోయాక వచ్చిన 'గంగు' నవల లెక్క వేరు.

సినిమా మాట నాకు తెలియదు. ఒక అధ్యాయాన్ని పదిహేను నిమిషాల చిన్న చిత్రంగా తీయడానికి మాత్రం కెమెరా, కూర్పు నా దగ్గర ఉన్నాయి. నిర్మాత ఉండడు కాబట్టి "కథ తెగుతుందా" అని అడిగేవాడూ ఉండడు. అక్కా, ఏ అధ్యాయమో మీరు చెప్పండి.

జిరాక్సు కొట్టు (నల్గొండ)

ఈ ఆదివారం కొట్టు మూసి కూర్చుని మళ్లీ చదివి చెబుతాను. ఒక్క షరతు. అందులో ఎవరైనా అన్నం తింటే, ఆ కంచం ఎవరు కడిగారో కూడా ఉండాలి.

నారాయణపేట కోడలు

బట్టల పని నాది. ఆ కాలం ముతక నేత చీరలు అత్తమ్మ పెట్టెలో ఉన్నాయి. ఆమెను అడిగాను. "నన్ను కూడా తీసుకెళితేనే ఇస్తాను" అంటున్నారు.

సెకండ్ షో (సొంతూరు దేవరకొండ, ఉద్యోగం హైదరాబాద్)

తీసుకురండి. బత్తాయి అన్నా, మీ వైపు గడీ ఏమైనా మిగిలి ఉందా?

బత్తాయి తోట (కనగల్ దగ్గర)

పక్క ఊళ్లో ఒక గోడ, ఒక కమాను మిగిలాయి. వాటి వెనకే సెల్ టవరు ఉంది.

సెకండ్ షో (సొంతూరు దేవరకొండ, ఉద్యోగం హైదరాబాద్)

టవరు కనబడకుండా కింద నుంచి పెట్టి తీద్దాం. ఎద్దుల బండి దొరుకుతుందా?

బత్తాయి తోట (కనగల్ దగ్గర)

ఎద్దులు ఎక్కడివి తమ్ముడూ, ఊరంతా ట్రాక్టర్లే. మా పాత బండి చక్రాలు హైవే మీద హోటలువాళ్లు అలంకారానికి కొనుక్కుపోయారు, నార్కట్‌పల్లి దారిలో. టీ తాగడానికి ఆగినప్పుడల్లా చూస్తుంటాను. ఒక రోజుకు అద్దెకు ఇస్తారేమో అడిగి చెబుతాను. కరెంటు వచ్చింది, మోటారు వేయాలి.